తూకం, అక్షరం, ఊరు: రోమన్ నాణేలు సేకరించాలనుకునే వారికి

నేను కొన్న మొదటి రోమన్ నాణెం బరువు 2.31 గ్రాములు. మా తాత లెక్కలో చెప్పాలంటే ఇరవై గురిగింజల ఎత్తుకు కాస్త తక్కువ. ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఒక నాణేల సంతలో, ట్రే నిండా పోసి ఉన్న చిన్న కంచు బిళ్లల్లోంచి ఏరి 8 పౌండ్లకు తీసుకున్నాను. దాని మీద ఎవరి ముఖం ఉందో ఆ రోజు నాకు తెలియదు. ఇంటికి వచ్చి, బల్ల దీపం కింద పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం ఆ పేరు దొరికింది: వాలెన్స్. క్రీ.శ. 378 ఆగస్టు 9న, ఇప్పటి తుర్కియేలోని ఎదిర్నే దగ్గర గోత్‌లు (గోతులు) అనే జర్మనిక్ తెగ వారి చేతిలో యుద్ధరంగంలోనే మరణించిన చక్రవర్తి. ఆయన శవం కూడా దొరకలేదు. ఆ మనిషి బతికున్నప్పుడు కొట్టిన నాణెం నా అరచేతిలో ఉంది.

మాది వినుకొండ. తాత బంగారప్పని చేసేవాడు. నేను యార్క్‌లో పళ్ల తొడుగులు తయారు చేసే ప్రయోగశాలలో పనిచేస్తాను. మైనంతో నమూనా చేసి, దాని చుట్టూ వేడిని తట్టుకునే అచ్చు పిండి కలిపి పోసి, మైనం కరిగిపోయాక లోహం పోస్తాం. తాత చేతి పనికీ నా పనికీ పెద్ద తేడా లేదు. నాణేల విషయంలో నేను నేర్చుకున్నదంతా ఈ రెండు పనుల నుంచే వచ్చింది కాబట్టి, ఆ దారినే మీకూ చెబుతాను.

మొదట ఏది కొనాలి

రోమన్ నాణెం అనగానే చాలామంది వెండి దెనారియస్‌నో, సీజర్ బొమ్మ ఉన్నదాన్నో ఊహించుకుంటారు. వాటి జోలికి మొదటి ఏడాది వెళ్లవద్దు. నాలుగో శతాబ్దపు చిన్న కంచు నాణేలతో మొదలుపెట్టండి. కాన్‌స్టంటైన్, ఆయన కొడుకులు, వాలెంటీనియన్, వాలెన్స్ చక్రవర్తుల కాలాల్లో ఇవి కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. ఐరోపాలో పదీ ఇరవై పౌండ్లకే అక్షరాలు స్పష్టంగా కనిపించే నాణెం దొరుకుతుంది. ధర తక్కువ కాబట్టి వీటికి నకిలీలు తయారుచేసే వాళ్లూ తక్కువ. అంతకంటే పెద్ద లాభం మరొకటి ఉంది. వీటి మీద చక్రవర్తి పేరు, బొరుసు వైపు నినాదం, అడుగున టంకశాల గుర్తు, మూడూ ఉంటాయి. చదవడం నేర్చుకోవడానికి ఇంతకు మించిన పలక లేదు.

మట్టి అంటుకున్న నాణేలను యాభై, వంద చొప్పున సంచుల్లో అమ్ముతుంటారు. మట్టి కడిగితే లోపల ఏముందో అన్న ఆశ ఎవరినైనా లాగుతుంది. వాటిని కొనవద్దనే నా మాట. మంచివన్నీ ముందే ఏరేసి ఉంటారు, మిగిలినవి చాలావరకు అరిగిపోయిన బిళ్లలు. అవి ఏ పొలంలోంచి, ఏ దేశంలోంచి వచ్చాయో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను.

పనిముట్లు నాలుగే: 0.01 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, అడ్డుకొలత తీసే వెర్నియర్ కాలిపర్, పక్క నుంచి వెలుగు పడేలా వంచగలిగే బల్ల దీపం. దీపం ముఖ్యం. పై నుంచి పడే వెలుగులో అరిగిన అక్షరం కనిపించదు. నాణేన్ని అంచులతో పట్టుకుని, వెలుగు పక్క నుంచి పడేలా మెల్లగా తిప్పుతూ ఉంటే, ఒక చోట అక్షరం నీడ లేచి నిలబడుతుంది.

చదవడం

బొమ్మ వైపుతో మొదలుపెట్టండి. గడియారంలో ఏడు అంకె ఉండే చోటు నుంచి అక్షరాలు మొదలై, ముళ్లు తిరిగే దిక్కునే తిరుగుతాయి. రోమన్లు రాతికీ లోహానికీ చెక్కేటప్పుడు ‘యు’ అక్షరాన్ని కూడా ‘వి’ లాగే రాసేవారు. మాటల మధ్య ఖాళీ తరచుగా ఉండదు, సగం మాటలు పొడి అక్షరాలే. వాటిలో పది గుర్తుంటే చాలు, నూటికి ఎనభై నాణేలు విప్పుకోవచ్చు.

నా వాలెన్స్ నాణెమే తీసుకుందాం. మొదట ‘డి’, ‘ఎన్’ ఉన్నాయి: దోమినుస్ నోస్తెర్, అంటే మా ప్రభువు. తర్వాత పేరు. ఆ తర్వాత ‘పి’, ‘ఎఫ్’: పియుస్ ఫెలిక్స్, ధర్మపరుడు, భాగ్యవంతుడు. చివర ‘ఏ వి జి’: ఆగస్టస్, అంటే చక్రవర్తి బిరుదు. తలకు ముత్యాల పట్టీ ఉంది. బొరుసు వైపు రెక్కలున్న విజయదేవత ఎడమవైపు నడుస్తూ, ఒక చేత్తో ఆకుల దండ, మరో చేత్తో ఖర్జూర మట్ట పట్టుకుని ఉంది. చుట్టూ ‘సెక్యూరితాస్ రేయిపుబ్లికే’ అని రాసి ఉంది: రాజ్యానికి భద్రత. 376లో హూణుల దెబ్బకు డాన్యూబ్ నది దాటి వచ్చిన గోతులకు రోమన్ అధికారులు తిండి సరిగా పెట్టలేదు, ఆకలిని ఆసరాగా తీసుకుని దోచుకున్నారు. అది తిరుగుబాటై, యుద్ధమై, రెండేళ్లకు ఎదిర్నే దాకా వచ్చింది. అక్కడ పోరులో దిగిన తూర్పు సైన్యంలో మూడింట రెండు వంతులు ఒక్క రోజులో పోయింది. భద్రత అన్న మాట ఉన్న నాణేలు ఆ సైనికుల మొలసంచుల్లోనూ ఉండే ఉంటాయి. ఈ విషయం నేను పుస్తకంలో ముందే చదివి ఉంటే పరీక్షకు చదివినట్టే ఉండేది. నాణెం మీద అక్షరం చదివి, ఆ పేరు వెంట వెళ్లి తెలుసుకున్నాను కాబట్టి గుర్తుండిపోయింది.

ఇక అడుగున, విజయదేవత పాదాల కింద ఒక గీత, గీత కింద చిన్న అక్షరాలు. అక్కడ ‘బి ఎస్ ఐ ఎస్ సి’ అని ఉంది. మొదటి ‘బి’ టంకశాలలో రెండో కార్ఖానా, మిగిలినది సిస్కియా, ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్ పట్టణం. ఏదైనా బిళ్ల తూకం తగ్గితే ఏ కార్ఖానా వాడిని పట్టుకోవాలో తెలియడానికి ఈ గుర్తు. నగలపై హాల్‌మార్క్ ముద్ర చూసి పెరిగిన తరానికి ఇది వెంటనే అర్థమవుతుంది. ‘ఏ ఎన్ టి’ ఉంటే అంతియోక్, ‘ఏ ఎల్ ఇ’ ఉంటే అలెగ్జాండ్రియా, ‘సి ఓ ఎన్ ఎస్’ ఉంటే ఎక్కువగా కాన్‌స్టాంటినోపుల్, ‘టి ఆర్’ ఉంటే ఇప్పటి జర్మనీలోని ట్రియర్. తూర్పు టంకశాలల్లో కార్ఖానా గుర్తులుగా గ్రీకు అక్షరాలు వస్తాయి: ఆల్ఫా, బీటా, గామా. ఇంత చిన్న బిళ్ల తాను ఏ ఊళ్లో, ఏ షెడ్డులో పుట్టిందో చెబుతుంది. ఇప్పటి మన నాణేలు ఊరి గుర్తు వరకే చెబుతాయి.

ముందు శతాబ్దాల నాణేలు వేరే రకం సమాచారం ఇస్తాయి. ‘టి ఆర్ పి’ అంటే త్రిబ్యూన్, అంటే ప్రజల ప్రతినిధి, పేర చక్రవర్తికి ఉండే అధికారం. ఏటేటా అది కొత్తగా లెక్కకు వచ్చేది కాబట్టి పక్కనున్న అంకెతో సంవత్సరం తేల్చవచ్చు. ‘సి ఓ ఎస్’ అంటే కాన్సుల్ అనే ఉన్నత పదవి, దాని పక్కన ఎన్నోసారో అంకె ఉంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. హాడ్రియన్ చక్రవర్తి 119లో మూడోసారి కాన్సుల్ అయ్యాక మళ్లీ ఆ పదవి తీసుకోలేదు. అందువల్ల ‘కాన్సుల్ మూడోసారి’ అని ఉన్న ఆయన నాణెం 119 నుంచి 138 దాకా ఎప్పటిదైనా కావచ్చు. అమ్మేవాడు ఒకే సంవత్సరం రాసి ఉంటే, ఆధారం అడగండి. రాగి, ఇత్తడి నాణేల మీద పెద్దగా కనిపించే ‘ఎస్ సి’ అంటే సెనేటు తీర్మానం ప్రకారం అని.

బొరుసు వైపు ఆడమూర్తులను చేతిలోని వస్తువును బట్టి గుర్తుపట్టాలి. మన గుళ్లో విగ్రహాన్ని ఆయుధాన్ని బట్టి గుర్తుపట్టినట్టే. త్రాసు పట్టుకుంటే ఏక్విటాస్, న్యాయమైన తూకం. చుక్కాని, పండ్లతో నిండిన కొమ్ము ఉంటే ఫోర్తూనా. పాముకు గిన్నెతో తిండి పెడుతుంటే సాలూస్, ఆరోగ్యం. పువ్వు పట్టుకుని చీర కుచ్చిళ్లు ఎత్తినట్టు అంచు పట్టుకుంటే స్పేస్, ఆశ.

చదివిన తర్వాత సరిచూసుకోవడానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే రోమన్ సామ్రాజ్య నాణేల జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. పేరు, నినాదం, టంకశాల ఇస్తే అదే నమూనాకు చెందిన మ్యూజియం నాణేల ఫొటోలు చూపిస్తుంది. మొదట మీరే చదవండి, ఆ తర్వాతే అక్కడికి వెళ్లండి.

తూకం, పోత, నకిలీ

తాత దుకాణానికి ఎవరైనా పాత నగ తెస్తే, ఆయన దాన్ని మెచ్చుకునే ముందు త్రాసులో వేసేవాడు. నేను ఆ అలవాటు మరిచి ఒకసారి నష్టపోయాను. టిబేరియస్ చక్రవర్తి వెండి దెనారియస్ ఒకటి ఫొటోలో చూసి, మురిసిపోయి, ఒక అమ్మకందారు దగ్గర 70 పౌండ్లకు కొన్నాను. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చుట్టూ ‘పోంతిఫ్ మాక్సిమ్’, అంటే ప్రధాన పురోహితుడు. మన దక్షిణ భారతంలో విరివిగా దొరికిన రకం అదే కావడంతో మనసు ఆగలేదు. వచ్చాక తూచితే 2.71 గ్రాములు. ఆ కాలపు దెనారియస్ అరిగినా 3.5 గ్రాముల చుట్టుపక్కల ఉండాలి.

భూతద్దం కింద పెడితే మిగిలినది తెలిసిపోయింది. ఖాళీ జాగాలో, చక్రవర్తి మెడ పక్కన, ఆవగింజలో పదో వంతు ఉండే గుండ్రటి పూసలు తేలి ఉన్నాయి. మా ప్రయోగశాలలో మైనపు నమూనా చుట్టూ పోసే పిండిలో గాలి బుడగ చిక్కితే, పోతపోసిన తొడుగు మీద సరిగ్గా అలాంటి పూసలే వస్తాయి. ప్రతిరోజూ వాటిని గీకి తీయడం నా ఉద్యోగం. అక్షరాల అంచులు వాడిన సబ్బు బిళ్ల మీది పేరులా మెత్తగా ఉన్నాయి. బిళ్ల అంచు చుట్టూ అతుకు గీతను ఆకురాయితో రాసిన గుర్తులు. అది పోత నాణెం. అసలు నాణెం నుంచి తీసిన అచ్చులో వెండి మిశ్రమం పోసి చేసింది.

అసలైన రోమన్ నాణెం దెబ్బతో పుడుతుంది. కింది అచ్చు దాగలిలో బిగించి ఉంటుంది. కాల్చిన బిళ్లను దాని మీద పెట్టి, పై అచ్చును చేత్తో నిలిపి, సుత్తితో కొడతారు. ఆ దెబ్బకు లోహం మధ్య నుంచి అంచులకు పారుతుంది. అక్షరాల చుట్టూ సన్నటి పారుదల గీతలు, అంచున చిన్న చీలికలు అందుకే వస్తాయి. బొమ్మ ఒక పక్కకు జరిగి ఉండటం, అంచు గుండ్రంగా లేకపోవడం, చిన్న చీలిక ఉండటం లోపాలని భయపడవద్దు. సుత్తి దెబ్బకు సాక్ష్యాలవి. మరీ తీరుగా, మరీ గుండ్రంగా ఉన్నదాన్నే రెండుసార్లు చూడండి. ఒకే చోట ఒకే గీత, ఒకే చీలిక ఉన్న రెండు నాణేలు వేర్వేరు అమ్మకాల్లో కనిపిస్తే రెండూ వదిలేయండి. సుత్తి దెబ్బ ఒకటి మరొకదానిలా పడదు.

ఒక జాగ్రత్త. తేలికగా ఉన్న ప్రతిదీ నేటి నకిలీ కాదు. రాగి బిళ్లకు పైన వెండి రేకు తొడిగిన నాణేలను రోమన్ కాలంలోనే దొంగచాటుగా తయారుచేశారు. రేకు చిట్లిన చోట ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. అవి కూడా చరిత్రే. ఆ సంగతి తెలిసి, ఆ ధరకు కొంటే తప్పులేదు. మరో జాగ్రత్త, మా ఇంటి అలవాటున్న వారి కోసం: గీటురాయి మీద గీయవద్దు. రెండు వేల ఏళ్లు నిలిచిన అంచు మీద మీరు పెట్టిన గాటు చెరగదు.

వన్నె ఎలా పోయింది

త్రాసు అలవాటైతే మరో తలుపు తెరుచుకుంటుంది. నా దృష్టిలో రోమన్ నాణేలలో అన్నిటికంటే గొప్ప కథ ఇదే. దెనారియస్ క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం నడుస్తుండగా పుట్టింది. ఆస్ అనే కంచు నాణేలు పదింటి విలువ కాబట్టి ఆ పేరు. తర్వాత పదహారుకు పెంచారు. తొలి చక్రవర్తి అగస్టస్ నాటికి పౌను అనే రోమన్ తూకం వెండికి 84 నాణేలు, ఒక్కొక్కటి 3.9 గ్రాములు, దాదాపు మేలిమి వెండి. అలాంటివి 25 ఇస్తే ఒక బంగారు ఔరియస్. అగస్టస్ కాలంలో కాలిబంటు సైనికుడి ఏడాది జీతం 225 దెనారియస్‌లు.

64లో నీరో పౌనుకు 96 కొట్టించాడు. బరువు 3.4 గ్రాములకు దిగింది, వెండి పాలూ తగ్గింది. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి వచ్చేసరికి వన్నె సగానికి వచ్చింది. ఈయన 211లో మా యార్క్‌లోనే చనిపోయాడు. సైనికులకు జీతాలు పెంచి, ఆ జీతాలు ఇవ్వడానికి వెండిలో రాగి కలిపాడు. ఆయన కొడుకు కరకల్లా 215లో కిరణాల కిరీటం ఉన్న కొత్త నాణెం తెచ్చాడు. దాన్ని రెండు దెనారియస్‌లకు సమానంగా చలామణి చేశారని పండితులు భావిస్తారు. బరువు మాత్రం ఒకటిన్నరకే సరిపోయింది. మరో యాభై ఏళ్లకు, గాలియెనస్ చక్రవర్తి చివరి రోజుల్లో, అదే నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా లేదు.

అయినా కొత్తలో అది వెండిలాగే మెరిసేది. ఎలాగంటే, బిళ్లను పుల్లటి ద్రావణంలో నానబెడితే పై పొరలోని రాగి కరిగి, వెండి మిగులుతుంది. తాత వెండి గొలుసుకు మెరుగు పెట్టేటప్పుడు చేసిన పనే అది. ఆ పొర అరగగానే రాగి బయటపడుతుంది. గాలియెనస్ నాణెం ఒకటి, సెవెరస్‌ది ఒకటి, అగస్టస్‌ది ఒకటి పక్కపక్కన పెట్టండి. మొదటి రెండూ పెద్ద ఖరీదు కాదు, అగస్టస్‌దే బాగా ఎక్కువ. మూడింటినీ తూచి, రంగు చూడండి. రెండున్నర శతాబ్దాల ధరల పెరుగుదల మీ బల్ల మీద కనిపిస్తుంది. డయోక్లీషియన్ 301లో వస్తువులకు గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ శాసనం వేయించవలసి వచ్చింది ఎందుకో ఆ మూడు నాణేలు చూశాక వేరే చెప్పనక్కరలేదు. చివరికి నిలిచింది బంగారమే. కాన్‌స్టంటైన్ పౌనుకు 72 చొప్పున తెచ్చిన సోలిదస్ వన్నె కొన్ని శతాబ్దాలపాటు చెడలేదు.

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో అత్యధికం అగస్టస్, టిబేరియస్‌లవే. నీరో తగ్గించిన తర్వాతివి చాలా అరుదు. ఇక్కడి వర్తకులు వన్నె చూసి తీసుకున్నారనే వివరణ చాలాకాలంగా ఉంది. మా తాతను చూసిన నాకు అది సహజంగానే అనిపిస్తుంది.

శుభ్రం చేయడం

చేయవద్దు. ఒక్క మాటలో చెప్పాలంటే అంతే. నేను రెండో ఏడాది ఒక కాన్‌స్టంటైన్ కంచు నాణేన్ని, ఇంట్లో చెంబు తోమినట్టు చింతపండుతో తోమాను. పదిహేడు వందల ఏళ్లుగా మట్టిలో పట్టిన నల్లటి ఆకుపచ్చ పొర రెండు నిమిషాల్లో పోయింది. కింద గులాబీ రంగు రాగి, గుంటలు పడిన ముఖం మిగిలాయి. అక్షరాలు నిలిచి ఉన్నది ఆ పొరలోనే అని అప్పుడు తెలిసింది. ఆ నాణెం ఇప్పటికీ నా పెట్టెలో మొదటి అరలో ఉంటుంది.

మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, నీళ్లు మారుస్తూ వారాల తరబడి. అంతకుమించి వద్దు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం వేరు చేయాలి. అది ఉప్పు, తేమ కలిసి కంచును తినే తెగులు. పొడిగా ఉంచడమే దానికి ప్రధాన వైద్యం, నాణేల పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగట వదిలి నాణేన్ని పాడుచేస్తాయి, ఆమ్లం లేని కాగితపు కవర్లు మేలు. ఓక్ చెక్క పెట్టెలు కూడా వద్దు, ఆ చెక్క ఆవిరిలోనే ఆమ్లం ఉంటుంది.

ఊరు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. సేకరణలో కష్టమైన ప్రశ్న, చాలామంది దాటవేసే ప్రశ్న ఇది: ఈ నాణెం ఎక్కడ దొరికింది?

2010లో ఇంగ్లండులోని ఫ్రోమ్ దగ్గర ఒకాయన లోహశోధక యంత్రంతో వెతుకుతుంటే కుండ మూతి తగిలింది. ఆయన తవ్వడం ఆపి, పురావస్తు నిపుణులను పిలిచాడు. వారు కుండలోని నాణేలను పొరలు పొరలుగా తీశారు. మొత్తం 52,503. అందులో బ్రిటన్‌ను వేరు రాజ్యంగా ఏలిన కరౌసియస్ నాణేలు 760కి పైగా ఉన్నాయి. అన్నిటికంటే కొత్తవి అవే, కానీ వాటిలో ఎక్కువ భాగం కుండ సగానికి దిగువన ఉన్నాయి. దాన్నిబట్టి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దాచుకున్న సొమ్ము కాదని, ఒకేసారి నింపి పూడ్చారని తేలింది. ఆయన ఆ రాత్రే కుండ పైకి లాగి ఒలకబోసి ఉంటే, 52,503 నాణేలూ ఉండేవి, ఈ ఒక్క సంగతి ఉండేది కాదు.

మన వైపు జరిగినది చూడండి. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి పాత గుడి ఇటుకలు తగిలాయి. కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు: చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫాస్టినాలవి. బంగారం ధరకు అమ్ముడుపోయి, చాలావరకు మూసల్లో కరిగిపోయాయి. ముప్పై పైచిలుకు మిగిలాయి. ఈ వృత్తాంతం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కరిగించిన చేతులు మా తాత చేతుల్లాంటివే. వారి తప్పేమీ లేదు, వారి ముందుకు వచ్చింది పాత బంగారం. కానీ కరిగిపోయినవి ఎన్నో, ఏ చక్రవర్తులవో, ఏ దారిన వచ్చాయో మరి తెలియదు.

మా వినుకొండలో 1889లో దొరికిన 15 రోమన్ బంగారు నాణేలు అలా పోలేదు, మద్రాసు మ్యూజియానికి చేరాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 వెండి దెనారియస్‌లు ఒకేచోట దొరికాయి. పుదుక్కోట్టై దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లోవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో చాలా వాటి మీద చక్రవర్తి తలపై ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. చలామణికి పనికిరాకుండా, లోహం విలువకే తీసుకోవాలని పెట్టిన గాటని కొందరి అభిప్రాయం. కొన్ని రోమన్ బంగారు నాణేలకు మన దేశంలో కొంకీలు అతికించి, మెడలో వేసుకున్నారు, మన కాసుల పేరులా. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనంలో 170 ‘దీనారి మాషకాల’ దానం నమోదై ఉంది. మన సాహిత్యంలో చదివిన దీనారం అన్న మాట ఆ దెనారియస్‌ నుంచే వచ్చింది. ఇవన్నీ మనకు తెలిసింది నాణేల వల్ల మాత్రమే కాదు, అవి దొరికిన ఊరు పేరు కూడా మిగిలింది కాబట్టి.

అందుకే కొనేటప్పుడు రశీదు, ఇంతకు ముందు ఎవరి సేకరణలో ఉండేది, ఏ ఏడాది ఏ వేలంలో అమ్ముడైంది అన్న వివరాలు అడగండి. ఎనిమిది పౌండ్ల నాణేనికి అన్నీ ఉండవు, ఏదో ఒకటైనా ఉన్నదాన్ని ఎంచుకోండి. పెద్ద నాణేలకు ఆ కాగితాలను కూడా పరీక్షించాలి. సీజర్ హత్యను చాటుతూ బ్రూటస్ కొట్టించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్‌లో సుమారు 42 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని పూర్వ యజమానుల కథ కల్పితమని తేలి, అమెరికా అధికారులు 2023లో దాన్ని గ్రీసుకు అప్పగించారు.

చట్టాలు తెలుసుకోండి. భారతదేశంలో నేలలో దాగి ఉండి దొరికిన, పది రూపాయలు మించిన విలువ గల నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. ఊళ్లో ఎవరో ఇచ్చిన పాత నాణేన్ని అమెరికాకో ఇంగ్లండుకో సూట్‌కేసులో తీసుకువెళ్లడం నేరం. ఇంగ్లండులో ఒకే చోట రెండు వెండి లేదా బంగారు నాణేలు, లేదా పది రాగి, కంచు నాణేలు దొరికి, అవి మూడు వందల ఏళ్లు దాటినవైతే, 14 రోజుల్లో అధికారికి తెలపాలి. తుర్కియే, ఇటలీ, గ్రీసు శిథిలాల దగ్గర జేబులోంచి తీసి అమ్మేవారి దగ్గర ఏదీ కొనవద్దు. అసలైనదైతే నేరం, కానిదైతే నకిలీ.

ఏదో ఒక దారి

పదీ పదిహేను నాణేలు వచ్చాక ఒక దారి ఎంచుకోవాలి. కొందరు చక్రవర్తికి ఒకటి చొప్పున, కొందరు ఒకే దేవతను, కొందరు ఒకే టంకశాలను పోగుచేస్తారు. నేను లండన్ టంకశాల నాణేలే వెతుకుతాను. కరౌసియస్ తెరిచాడు, 325 ప్రాంతంలో మూతపడింది. నలభై ఏళ్లకు లోపే దాని ఆయువు. హద్దు చిన్నదైతే లోతుకు వెళ్లవచ్చు.

ప్రతి నాణేనికీ ఒక చీటీ రాయండి. నాణెం సంఖ్య, బరువు, అడ్డుకొలత, రెండు వైపుల అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు, మీకు కనిపించనివి చుక్కలతో. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు. పాత చీటీ ఉంటే పారేయవద్దు, ఎంత చిరిగినా సరే. నా దగ్గరున్న ఒక కరౌసియస్ నాణెంతో సిరా వెలిసిన చిన్న అట్టముక్క వచ్చింది. ధర పాత బ్రిటిష్ షిల్లింగులలో ఉంది, పేరు లేదు. ఆ చేతిరాత కింద నాది చేరింది.

మొదటి నాణెం చీటీని ఇంగ్లీషులో ఒకవైపు, తెలుగులో ఒకవైపు రాశాను. తెలుగు వైపు ఇలా ఉంది: ‘1. వాలెన్స్, 364–378. బొరుసు: రాజ్య భద్రత. సిస్కియా, రెండో కార్ఖానా. కంచు, 2.31 గ్రా., 17 మి.మీ. దొరికిన చోటు తెలియదు. యార్క్ సంతలో 8 పౌండ్లు. కడగలేదు.’